ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు: ‘రైలు’ దగ్గర కంప్యూటర్లకు వచ్చిన చిక్కు

ఖరగ్‌పూర్ ఝపటాపూర్‌లో మా మావయ్య ఇంట్లో మేడమెట్ల కింద, ఇన్వర్టర్ పక్కన, చెప్పుల అట్టపెట్టెంత నల్లటి పెట్టె ఒకటి ఉంటుంది. లోపల రెండు హార్డ్‌డిస్కులు. ఇంట్లో ఎవరి కంప్యూటర్ నుంచైనా వైఫై మీదుగా ఫైళ్ళు అందులో దాచుకోవచ్చు, మళ్ళీ తీసుకోవచ్చు. దీన్ని నెట్‌వర్క్ అటాచ్డ్ స్టోరేజ్ అంటారు, పొట్టిగా నాస్. మావయ్యది విండోస్ ల్యాప్‌టాప్. కూతురిది పాత మాక్. ఇంజనీరింగ్ చదువుతున్న కొడుకు లైనక్స్ తప్ప ఇంకోటి ముట్టడు. మూడు రకాల కంప్యూటర్లు, పెట్టె మాత్రం ఒకటే.

కిందటి సంక్రాంతికి వెళ్ళినప్పుడు మావయ్య నన్ను పిలిచారు. (ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసిన పాపానికి బంధువుల ఇళ్ళల్లో మొరాయించే కంప్యూటర్లన్నీ నా ఖాతాలోకే వస్తాయి.) తెర మీద పక్కపక్కనే రెండు ఫోల్డర్లు. రెండింటి పేరూ ‘రైలు’.

“రెండుసార్లు కాపీ అయినట్టుంది, ఒకటి తీసేస్తాను” అంటూ ఆయన వేలు అప్పటికే డిలీట్ మీట మీదకు వెళ్ళింది.

“ఉండండి మావయ్యా” అని ఆపాను. ఒక చోట అచ్చంగా ఒకే పేరుతో రెండు ఫోల్డర్లను ఏ కంప్యూటరూ ఉండనివ్వదు. ఉన్నాయంటే ఆ పేర్లు రెండూ ఒకటి కావన్నమాట. పైగా నెట్‌వర్క్ మీద ఉన్న ఫైలును విండోస్‌లో చెరిపితే అది మన కంప్యూటర్లోని రీసైకిల్ బిన్‌లోకి రాదు. నాస్ పెట్టెలోనే విడిగా చెత్తబుట్ట ఏర్పాటు చేసి ఉంచితే తప్ప, పోయిందంటే పోయినట్టే.

ఆ ఫోల్డర్లలో ఉన్నవి మా తాతయ్య కాగితాలు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో విజయనగరం దగ్గరి పల్లె నుంచి వచ్చి ఆయన ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో చేరారు. ఉద్యోగపు కాగితం, రైలు పాసులు, తోటి పనివాళ్ళతో దిగిన ఫొటోలు, ఊరికి రాసిన ఉత్తరాలు. ఉత్తరాంధ్ర నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన ఇళ్ళల్లో ఇలాంటి ట్రంకుపెట్టె కొత్తేమీ కాదు. మావయ్య అన్నీ స్కాన్ చేయించారు. ఆ తర్వాత రెండు వర్షాకాలాలకు అసలు కాగితాల్లో సగం చెదలు తినేశాయి. ఇప్పుడు మిగిలింది పెట్టెలో ఉన్నదే.

మరి ఒకేలా కనబడే రెండు ‘రైలు’లు ఎక్కడి నుంచి వచ్చాయి?

గేజు మారే స్టేషన్

ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌కూ డిస్కు మీద ఫైళ్ళను పేర్చుకునే సొంత పద్ధతి ఉంటుంది. దాన్ని ఫైల్ సిస్టమ్ అంటారు. విండోస్‌ది ఎన్‌టీఎఫ్‌ఎస్. పాత మాక్‌లది హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్, 2017 నుంచి వస్తున్న మాక్‌లది ఏపీఎఫ్‌ఎస్. లైనక్స్‌లో ఎక్కువగా కనబడేది ఈఎక్స్‌టీ4. నాస్ పెట్టెల్లో చాలావాటి లోపల నడిచేది లైనక్సే కాబట్టి, డిస్కు మీద పేర్పు కూడా లైనక్స్ తరహాలోనే ఉంటుంది. అయినా విండోస్ ల్యాప్‌టాప్ ఇబ్బంది పడదు, ఎందుకంటే అది డిస్కును నేరుగా ముట్టుకోదు. “ఫలానా ఫోల్డర్లో ఏమున్నాయి? ఫలానా ఫైలు పంపించు” అని పెట్టెను అడుగుతుంది. ఎలా అడగాలి, ఎలా జవాబివ్వాలి అని ముందే ఒప్పుకున్న నియమాల కట్టే ప్రోటోకాల్.

శ్రీకాకుళం జిల్లా నౌపడ స్టేషన్ తెలిసినవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. పర్లాకిమిడి వైపు నుంచి వచ్చే చిన్న రైలుది 2 అడుగుల 6 అంగుళాల గేజు. కలకత్తా–మద్రాసు పెద్ద లైనుది 5 అడుగుల 6 అంగుళాలు. 2011లో గుణుపూర్ దాకా లైను బ్రాడ్ గేజ్ అయ్యేవరకూ చిన్న బండి పెద్ద పట్టాలెక్కే ప్రశ్నే లేదు. మనుషులూ మూటలూ నౌపడలో దిగి బండి మారాల్సిందే. నాస్‌లో ప్రోటోకాల్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ పని అదే. విండోస్ బండిలో వచ్చిన మూటను దించి లైనక్స్ బండిలోకి ఎక్కిస్తుంది. మూట లోపలి సరుకు, అంటే ఫొటోలోని బైట్లు, చెక్కుచెదరదు. తేడాలు వచ్చేది మూటకు కట్టిన చీటీ దగ్గరే. పేరేమిటి, ఎవరిది, ఎవరు విప్పవచ్చు అన్నవి ఆ చీటీ మీదే ఉంటాయి.

ఈ మార్పిడికి నేడు ప్రధానంగా రెండు ప్రోటోకాళ్ళున్నాయి. ఎన్‌ఎఫ్‌ఎస్‌ను 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ యూనిక్స్ యంత్రాల కోసం తెచ్చింది. ఎస్‌ఎంబీ 1980ల మొదట్లో ఐబీఎంలో బారీ ఫైగెన్‌బామ్ చేతిలో పుట్టి, మైక్రోసాఫ్ట్ ద్వారా విండోస్ సొంత భాష అయింది. యూనిక్స్ కుటుంబానికి ఆ భాష చాలాకాలం రాలేదు. 1991 చివర్లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో పరిశోధక విద్యార్థిగా ఉన్న ఆండ్రూ ట్రిడ్జెల్, తీగ మీద వెళ్ళే సందేశాలను గమనిస్తూ, ఏ ప్రశ్నకు ఏ జవాబు వస్తోందో చూసి, అలాంటి జవాబులిచ్చే ప్రోగ్రాం రాశాడు. ఖరగ్‌పూర్ తెలుగు పిల్లలు గోల్‌బజార్‌లో బేరాలు విని బెంగాలీ నేర్చుకున్నట్టే, పుస్తకం తెరవకుండా. ఆ ప్రోగ్రామే సాంబా. ఎస్, ఎమ్, బీ అక్షరాలు వరుసగా వచ్చే మాట కోసం నిఘంటువు ఫైలులో వెతికితే దొరికిన పేరది. యూరప్‌లో నడిచిన వ్యాజ్యం ముగిశాక, 2007 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ పత్రాలు సాంబా బృందానికి అధికారికంగా అందాయి. 2013 నుంచి మాక్ కూడా ఫైళ్ళ పంపకానికి ఎస్‌ఎంబీనే మొదటి ఎంపిక చేసుకుంది. ఇవాళ ఇళ్ళల్లోని నాస్ పెట్టెల్లో ఎక్కువగా పనిచేసేది సాంబాయే.

ఐత్వం రెండు ముక్కలు

ఇక ‘రైలు’ సంగతి. కంప్యూటర్ అక్షరాల బొమ్మలను దాచుకోదు, వాటి సంఖ్యలను దాచుకుంటుంది. యూనికోడ్ ప్రమాణంలో ర సంఖ్య 3120. ఐత్వం 3144. ల 3122. కొమ్ము 3137. ఈ నాలుగూ వరుసగా వస్తే ‘రైలు’.

కానీ చేత్తో రాసేటప్పుడు ఐత్వాన్ని ఎలా రాస్తాం? పైన ఎత్వం పెట్టి, కింద ఒక కొక్కెం తగిలిస్తాం. యూనికోడ్‌లో ఆ కొక్కేనికి కూడా ‘ఐ పొడవు గుర్తు’ పేరుతో విడిగా ఒక సంఖ్య ఉంది, 3158. ఎత్వం సంఖ్య 3142. 3142, 3158 పక్కపక్కన వస్తే అది 3144తో సమానమని ప్రమాణమే చెబుతుంది. కాబట్టి ‘రైలు’ను నాలుగు సంఖ్యలతోనూ రాయవచ్చు, ఐదు సంఖ్యలతోనూ రాయవచ్చు. తెర మీద రెండూ అచ్చంగా ఒకేలా కనబడతాయి. యూనికోడ్ తెలుగుకు కేటాయించిన 128 స్థానాల్లో ఇలా ముక్కలయ్యే గుర్తు ఐత్వం ఒక్కటే. బెంగాలీలో ఓకార, ఔకార గుర్తులు కూడా ఇలాగే విడిపోతాయి, కన్నడంలో ఇంకా ఎక్కువ. ఆ లెక్కన మనం అదృష్టవంతులం.

ఇప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఏం చేస్తాయో చూద్దాం. విండోస్‌లో కీబోర్డు మీద ఐత్వం కొడితే 3144 పడుతుంది, పేరు అలాగే నిలుస్తుంది. 1998లో వచ్చిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ మాత్రం పేర్లన్నిటినీ ముక్కలు చేసి దాచేది. ఇందులో తెలివితక్కువతనమేమీ లేదు. రెండు రకాలుగా రాయగల పేరును ఎప్పుడూ ఒకే రకంగా దాస్తే పోల్చడం తేలిక. మూడోది లైనక్స్. దానికి పేరంటే బైట్ల వరుస, అంతే. తెలుగు సంఖ్య ఒక్కోదానికి యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు పడతాయి. విండోస్ నుంచి వచ్చిన ‘రైలు’ 12 బైట్లు. పాత మాక్ డిస్కు నుంచి వచ్చిన ‘రైలు’ 15 బైట్లు. లైనక్స్ దృష్టిలో రాముడికీ రంగడికీ ఉన్నంత తేడా. రెండింటికీ చోటిచ్చింది.

నౌపడలో మూట మార్చేవాడు జాగ్రత్తగా ఉంటే ఈ చిక్కు రాకపోను. మాక్ నుంచి ఎస్‌ఎంబీ ద్వారా ఫైలు పంపితే, దారిలో ముక్కలు మళ్ళీ కలిసి, పెట్టెలోకి మామూలు పేరే వెళ్తుంది. కానీ మావయ్య కూతురు ఆ దారిన పంపలేదు. వేగంగా అవుతుందని ఆర్‌సింక్ అనే ప్రోగ్రాంతో పాత మాక్ నుంచి ఫొటోలన్నీ ఒకేసారి తోసింది. ఆర్‌సింక్‌కు ప్రత్యేకంగా చెబితే తప్ప పేర్లను ముట్టుకోదు, ఉన్న బైట్లను ఉన్నట్టే దించుతుంది. మాక్‌లో తయారైన జిప్ ఫైలును లైనక్స్‌లో విప్పినా ఇదే జరగవచ్చు. తమాషా ఏమిటంటే, ఇలా చేరిన ముక్కల పేరు గల ఫోల్డరును కొన్ని మాక్‌లు నెట్‌వర్క్ మీద చూపిస్తాయి గానీ తెరవలేవు. అవి కలిసిన పేరుతో అడుగుతాయి, ఆ పేరుతో పెట్టెలో ఏమీ ఉండదు.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళకు ఈ ఒక్క గుర్తూ ఎన్ని చోట్ల తగులుతుందో చూడండి: రైలు, రైల్వే, నైట్ డ్యూటీ, వైజాగ్, విజయనగరం పైడితల్లి, ఆ తల్లి పేరు పెట్టుకున్న పైడమ్మలు, పైడిరాజులు.

కనబడని అక్షరం, చాలని చోటు

ఐత్వం చిక్కునైనా యూనికోడ్ నియమాలతో సరిచేయవచ్చు. ఇంకొకటుంది, దానికి ఆ వీలు కూడా లేదు. ‘స్టేషన్‌లో’ అని రాసేటప్పుడు న్, లో కలిసిపోయి ‘స్టేషన్లో’ కాకుండా మధ్యలో ఒక కనబడని అక్షరం పెడతాం. దాని సంఖ్య 8204. కొన్ని తెలుగు కీబోర్డులు పొల్లుతో ముగిసే మాట చివర కూడా దీన్ని వదిలేస్తాయి. అప్పుడు ‘స్టేషన్’ పేరుతో రెండు ఫోల్డర్లు తయారవుతాయి, ఒకదాని చివర ఏమీ లేదు, రెండోదాని చివర కనబడనిది ఉంది. విండోస్, లైనక్స్ వీటిని వేర్వేరుగా చూస్తాయి. హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను పోల్చేటప్పుడు ఈ అక్షరాన్ని లెక్కలోకే తీసుకోదు.

ఈ చిన్న తేడా 2014 డిసెంబరులో ప్రపంచవ్యాప్తంగా ప్రోగ్రామర్లను పరిగెత్తించింది. ప్రోగ్రాంల మార్పులను భద్రపరిచే గిట్ అనే సాధనం తన రహస్య ఫోల్డరును బయటివాళ్ళ ఫైళ్ళు తాకకుండా కాపలా కాస్తుంది. ఆ ఫోల్డరు పేరు మధ్యలో కనబడని అక్షరం దూర్చితే గిట్ దాన్ని వేరే పేరనుకుని వదిలేసేది, మాక్ డిస్కు మాత్రం అసలు పేరుగానే చదివేది. ఆ సందులోంచి హానికరమైన ప్రోగ్రాం నడిపించవచ్చని తేలాక హడావిడిగా కొత్త గిట్ విడుదల చేశారు. మనం రోజూ ‘స్టేషన్‌లో’ అని రాయడానికి వాడే అక్షరమూ ఆ జాబితాలో ఉంది!

పేరు పొడవులోనూ తెలుగుకు కొంత అన్యాయం జరుగుతుంది. విండోస్‌లో ఒక ఫైలు పేరుకు పరిమితి 255 సంఖ్యలు. లైనక్స్‌లోనూ 255, కానీ అవి బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఒకే బైటు కాబట్టి వాళ్ళకు తేడా తెలియదు. మనకు 255ను 3తో భాగిస్తే 85 సంఖ్యలు దక్కుతాయి. అవి కూడా అక్షరాలు కావు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిపి ఆరు సంఖ్యలు, 18 బైట్లు. అలాంటివి 14 పెట్టేసరికి పేరు నిండిపోతుంది. కొన్ని నాస్ పెట్టెల్లో ఫోల్డరుకు రహస్య లిపి రక్షణ పెడితే పరిమితి 143 బైట్లకు పడిపోతుంది, అంటే తెలుగులో 47 సంఖ్యలు. పత్రిక వార్తలను శీర్షికతో సహా భద్రపరిచే అలవాటున్న నాలాంటివాళ్ళు విండోస్‌లో చక్కగా దాచుకున్న ఫైలు నాస్‌లోకి ఎందుకు ఎక్కడం లేదో తెలియక జుట్టు పీక్కునేది ఇక్కడే.

నిషిద్ధ గుర్తుల గొడవ అందరికీ ఉన్నదే. లైనక్స్ ఏటవాలు గీత తప్ప దాదాపు ఏ గుర్తునైనా పేరులో ఒప్పుకుంటుంది. విండోస్ : ? * < > | లాంటివి ఒప్పుకోదు. కొడుకు లైనక్స్‌లో ‘6:00 షిఫ్ట్’ అని పేరు పెట్టిన ఫైలు తండ్రి విండోస్‌లో ఏదో గజిబిజి పొట్టి పేరుతో కనబడింది, సాంబా వేసిన మారుపేరు అది. పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడాతో వచ్చే తగాదాలు మరికొన్ని. తెలుగులో ఆ రెండు బడులూ లేవు కాబట్టి ఆ బాధ మనకు లేదు.

ఎవరిది, ఎవరు తెరిచారు

చీటీ మీద మిగిలినవి యజమాని, తాళం. ఎస్‌ఎంబీ పేరూ పాస్‌వర్డూ అడుగుతుంది. చాలా ఇళ్ళల్లో వాడే తరహా ఎన్‌ఎఫ్‌ఎస్ అలా అడగదు, కంప్యూటర్ చెప్పిన యూజర్ నంబరును నమ్ముతుంది. ఉబుంటు లైనక్స్‌లో మొదటి ఖాతా నంబరు 1000, మాక్‌లో 501. రెండు ఉబుంటు ల్యాప్‌టాప్‌ల నుంచి ఇద్దరు వేర్వేరు మనుషులు వచ్చినా ఇద్దరూ 1000 నంబరే చెబితే, పెట్టెకు ఇద్దరూ ఒకరే. అదే మనిషి మాక్ నుంచి వస్తే తన ఫైలు తానే తెరవలేకపోవచ్చు.

తాళం విషయంలో రెండు సంప్రదాయాలున్నాయి. విండోస్ తరహాలో ఫైలు తెరిచే ప్రోగ్రాం “నేను ముగించేదాకా ఇంకెవరూ రాయకూడదు” అని చెప్పవచ్చు, సర్వర్ దాన్ని అమలు చేస్తుంది. యూనిక్స్ తరహాలో తాళం మామూలుగా సలహా లాంటిది. పట్టించుకునే ప్రోగ్రాం ఆగుతుంది, పట్టించుకోనిది రాసేస్తుంది. ఒకే ఖర్చుల పట్టికను తండ్రి ఎస్‌ఎంబీ ద్వారా, కొడుకు ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా ఒకేసారి తెరిస్తే, చివర సేవ్ చేసినవాడి లెక్క మిగిలి మొదటివాడిది మాయమయ్యే ప్రమాదం ఉంది. ఎన్‌ఎఫ్‌ఎస్ కాస్త వేగమని లైనక్స్ అభిమానులు వాదిస్తారు. ఇల్లన్నాక ఒకే ఫోల్డరును అందరూ ఒకే ప్రోటోకాల్ ద్వారా వాడటమే మంచిదని నా ఉద్దేశం, అది ఎస్‌ఎంబీ అయితే మూడు రకాల కంప్యూటర్లకూ వచ్చు.

అయితే దాని మొదటి రూపం, ఎస్‌ఎంబీ1, మాత్రం ఆపేయాలి. పాత టీవీనో స్కానరునో కలవడం లేదని కొందరు సెట్టింగుల్లోకి వెళ్ళి దాన్ని మళ్ళీ తెరుస్తుంటారు. 2017 మే 12న విరుచుకుపడిన వానాక్రై, విండోస్‌లోని ఎస్‌ఎంబీ1 లోపం ద్వారానే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకి, ఫైళ్ళకు తాళాలు వేసి డబ్బు అడిగింది. ఆ లోపానికి మందు మార్చిలోనే విడుదలైంది, వేసుకోనివాళ్ళు దొరికిపోయారు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని, ఖరగ్‌పూర్ ఉన్న పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనే కొన్ని విద్యుత్ పంపిణీ కార్యాలయాల కంప్యూటర్లు ఆ దెబ్బ తిన్నాయి.

రెండు ‘రైలు’లను కలపడం

మావయ్య ఇంటికి తిరిగి వద్దాం. ముందు పెట్టెలోని సమస్తం ఒక యూఎస్‌బీ డిస్కులోకి కాపీ చేశాం. తర్వాత పైథాన్‌లో రెండు ఫోల్డర్ల పేర్లనూ లెక్కపెట్టమంటే ఒకదానికి 4, రెండోదానికి 5 అని వచ్చింది. అనుమానం తీరింది. ఐదు సంఖ్యలదాని పేరు ‘పాత మాక్’ అని మార్చాం. ముందు ఇలా మార్చకపోతే, ముక్కలను కలపగానే రెండు పేర్లూ నిజంగానే ఒకటై ఢీకొంటాయి.

ఆ ఫోల్డరు లోపలి పేర్లను సరిచేసే పని కొడుక్కి అప్పగించాను. లైనక్స్‌లో కన్వ్‌ఎమ్‌వీ అనే చిన్న సాధనం ఉంది. ముక్కలైన గుర్తులను కలిపి పేర్లు మారుస్తుంది. అది మొదట ఏమేం మారుస్తుందో జాబితా చూపించి ఊరుకుంటుంది, మళ్ళీ ఖాయంగా చెబితేనే మారుస్తుంది. ఇలాంటి మర్యాద ఇంకా చాలా ప్రోగ్రాంలకు ఉంటే బాగుండును. కొత్తగా నాస్ కట్టుకునేవాళ్ళు జడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడితే, ఒకే పేరు రెండు రూపాలను మొదటి నుంచీ ఒకటిగా చూసేలా అమర్చుకోవచ్చు. కానీ ఆ ఎంపిక సృష్టించేటప్పుడే చేయాలి, తర్వాత కుదరదు. పాత మాక్ నుంచి ఆర్‌సింక్‌తో పంపేవాళ్ళు పేర్లను మార్చి పంపమనే ఐకాన్వ్ ఎంపికను కలుపుకుంటే సరిపోతుంది.

చివరగా, పేర్లను నమ్మకుండా, ఫైళ్ళ లోపలి బైట్లను పోల్చి చూశాం. రెండు ఫోల్డర్లలోనూ ఉన్న ఫొటోలు కొన్నే. మిగతావి చెదలు పట్టకముందు కూతురు సెలవుల్లో వచ్చినప్పుడు ఫోనుతో తీసుకున్నవి. మావయ్య వాటి సంగతే మరచిపోయారు.

‘నైట్ డ్యూటీ’ అనే ఫైలు రెండింట్లోనూ ఉంది, బైట్లు మాత్రం కలవలేదు. మావయ్య స్కాన్ చేయించినదాంట్లో వర్క్‌షాపు గేటు ముందు టిఫిన్ క్యారియర్లతో నిలబడ్డ ఎనిమిది మంది, ఎడమ నుంచి మూడోవాడు తాతయ్య. కూతురు ఫోనుతో తీసింది ఆ ఫొటో వెనక వైపు. పెన్సిలుతో, తాతయ్య దస్తూరీలో, ఎనిమిది పేర్లూ వాళ్ళ ఊళ్ళూ. మావయ్య కళ్ళజోడు తెప్పించుకుని ఒక్కొక్కటే పైకి చదివారు. తర్వాత ఒక ఫైలు పేరు చివర ‘ముందు’ అని, రెండోదానికి ‘వెనక’ అని చేర్చి, రెండింటినీ ఒకే ‘రైలు’లో పెట్టాం.